ధవళేశ్వరం నుంచి పోలవరం దాకా: గోదావరి జలనిర్మాణాల చరిత్రలో మరచుట్టు కోత యంత్రాలు

వ్యాససంగ్రహం:

గోదావరి డెల్టా నీటిపారుదల చరిత్ర ఎక్కువగా ఆనకట్ట, కాలువ, ఆయకట్టు అనే మూడు మాటల చుట్టూ సాగింది. నీటిని ఆపే తలుపులు, ఆ తలుపులను కదిలించే మరలు, ఆ మరలను కోసే యంత్రాలు చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నేటి పోలవరం స్పిల్‌వే వరకు ఉన్న కాలాన్ని మరచుట్టు కోత సాంకేతికత వైపు నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మరచుట్టు కోత యంత్రాల బహుముఖత వాటి వేగంలో కాక, వేర్వేరు కాలాలకు, వేర్వేరు ప్రమాణాలకు చెందిన నిర్మాణాలను ఒకే చోట మరమ్మతు చేయగల శక్తిలో ఉందని, డెల్టా జలనిర్మాణాల భద్రతకు ఆ శక్తి నేటికీ అవసరమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: మరచుట్టు, లేతు, ధవళేశ్వరం వర్క్‌షాపు, తూము తలుపు, విట్‌వర్త్ ప్రమాణం, మెట్రిక్ ప్రమాణం, పోలవరం, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం

పాపికొండల ఇరుకు దాటిన గోదావరి పోలవరం వద్ద మైదానంలోకి అడుగుపెడుతుంది. అక్కడికి సుమారు 42 కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం ఉంది. ఈ రెండు చోట్లా నదిని అదుపు చేయడానికి జరిగిన ప్రయత్నాల మధ్య దాదాపు 170 సంవత్సరాల వ్యవధి ఉంది. మొదటిది రాతి కట్టడం. రెండోది కాంక్రీటు, ఉక్కు, అధిక పీడనంలో పనిచేసే నూనె కలిసిన వ్యవస్థ. పైకి చూస్తే వీటి మధ్య సామ్యం లేదు. అయితే రెండింటిలోనూ నీటిని ఆపేది గానీ వదిలేది గానీ చివరికి ఒక తలుపు. ఆ తలుపు ఎక్కడో ఒకచోట మరచుట్టు మీద ఆధారపడి ఉంటుంది.

మరచుట్టు అంటే స్థూపాకారపు కడ్డీ పైన గానీ రంధ్రం లోపల గానీ సమాన వాలుతో చుట్టుకుంటూ పోయే గాడి, గట్టు. నట్టు, బోల్టు, పైపు కలయిక, జాకీ, తూము షట్టరును ఎత్తే కడ్డీ అన్నీ ఈ ఒక్క రూపం మీదే పనిచేస్తాయి. ఈ గాడిని కోసే పనిని వర్క్‌షాపుల్లో ‘త్రెడ్డింగు’ అంటారు. చేతితో తిప్పే ట్యాప్, డై మొదలుకొని లేతు, పైపు త్రెడ్డింగు మిషను, కంప్యూటరు నియంత్రణతో నడిచే సి.ఎన్.సి. యంత్రం వరకు ఈ పని చేసే సాధనాలు అనేకం. ఇంత విస్తృతంగా ఉన్న సాంకేతికత ఒక ప్రాంత చరిత్రలో ఎలా ప్రవేశించింది, ఏ అవసరాలను తీర్చింది, ఏ సమస్యలను మిగిల్చింది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

2. ‘మర’ అనే మాట

తెలుగులో ‘మర’ శబ్దానికి ఉన్న అర్థవ్యాప్తి ఈ విషయానికి మంచి ప్రవేశిక. మరమేకు, మరచీల అన్నప్పుడు మర అంటే చుట్టుగాడి. పిండిమర, మరమగ్గం, మరపడవ, మరతుపాకి అన్నప్పుడు మర అంటే యంత్రం. ధాన్యం ‘మర పట్టించడం’ అనే వాడుక డెల్టా గ్రామాల్లో నేటికీ వినిపిస్తుంది. చుట్టుగాడికి, యంత్రానికి ఒకే పేరు ఉండటం సాంకేతిక చరిత్ర దృష్ట్యా ఆలోచించదగినది. యంత్రయుగంలో ఒక యంత్రం మరొక యంత్రాన్ని పుట్టించడానికి ఖచ్చితమైన మరచుట్టే ఆధారమైంది.

తరిమెన అనే మాట కూడా గమనార్హం. కొయ్యను తిప్పుతూ ఉలితో చెక్కే సాధనానికి ఇది పాత పేరు. ‘తరిమెన పట్టడం’ అంటే అలా నున్నగా చెక్కడం. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఈ విద్యకు సజీవ నిదర్శనం. కాబట్టి తిప్పుతూ చెక్కే పని ఆంధ్రదేశానికి కొత్త కాదు. ఉలిని చేతితో కాక యంత్రమే ఒక నిర్ణీత వేగంతో ముందుకు నడిపించడం, ఒక గాడిలాంటిదే మరొక గాడిని ఎన్నిసార్లయినా పొందడం మాత్రం కొత్తగా వచ్చిన విషయాలు.

3. జత నుంచి ప్రమాణానికి

18వ శతాబ్ది చివరి వరకు ఐరోపాలో కూడా లోహపు మరచుట్లను ఎక్కువగా చేతి అంచనాతోనే కోసేవారు. ప్రతి బోల్టుకు దాని నట్టు వేరుగా ఉండేది. ఒక జత విడిపోతే ఆ నట్టు మరో బోల్టుకు సరిపడేది కాదు. ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో, హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో రూపొందించిన మరకోత లేతులు ఈ స్థితిని మార్చాయి. మాడ్‌స్లే లేతులో పని ముక్క తిరుగుతుండగా లీడ్ స్క్రూ అనే ప్రధాన మరకడ్డీ ఉలిని ముందుకు జరుపుతుంది. పని ముక్కకు, లీడ్ స్క్రూకు మధ్య ఉన్న పళ్ళచక్రాలను మారిస్తే కోతలో పడే చుట్ల దూరం మారుతుంది. మరచుట్టు కోత యంత్రం బహుముఖతకు మూలం ఈ అమరికే. ఒకే లీడ్ స్క్రూ నుంచి అనేక రకాల మరలను పుట్టించే వీలు దానివల్ల కలిగింది.

యంత్రం ఏకరూపతను సాధ్యం చేసింది కానీ ఏకాభిప్రాయాన్ని తేలేదు. ప్రతి కర్మాగారం తనకు నచ్చిన కొలతలో మరలు కోసుకునేది. మాడ్‌స్లే వద్ద పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఏకరూప మరచుట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. మరచుట్టు పక్కల మధ్య కోణం 55 డిగ్రీలు, ప్రతి వ్యాసానికి అంగుళానికి ఇన్ని చుట్లు అన్నది ఆ పద్ధతి సారం. పావు అంగుళం బోల్టుకు 20, అర అంగుళానికి 12, అంగుళానికి 8 చుట్లు ఉంటాయి. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణంతో మరో పద్ధతిని ప్రతిపాదించాడు. అంగుళం బోల్టుకు రెండు పద్ధతుల్లోనూ 8 చుట్లే అయినా కోణం వేరు. అర అంగుళం బోల్టుకు ఒకదానిలో 12, మరొకదానిలో 13. చూపుకు ఒకటిగానే కనిపించే ఈ రెండు బోల్టుల నట్లను పరస్పరం మార్చుకోవడం సాధ్యం కాదు.

విట్‌వర్త్ ప్రతిపాదనకు, ధవళేశ్వరం ఆనకట్ట పనుల ప్రారంభానికి మధ్య ఉన్నది ఆరేళ్ళే. గోదావరి డెల్టా ఆధునిక జలనిర్మాణ యుగంలోకి అడుగుపెట్టిన సమయం, ప్రపంచంలో మరచుట్టు ప్రమాణీకరణ మొదలైన సమయం దాదాపు ఒకటే.

4. ధవళేశ్వరం: ఆనకట్ట, వర్క్‌షాపు

ఆర్థర్ కాటన్ 1840లలో సమర్పించిన నివేదికల ఆధారంగా ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదిని అడ్డగించిన ఈ కట్టడం ప్రధానంగా రాయి, సున్నంతో నిర్మితమైంది. ఆనకట్టతో పాటు తలతూములు, ఇసుక కోత తూములు, పడవలు దాటే లాకులు అవసరమయ్యాయి. కాలువలు సాగునీటికే కాక సరుకు రవాణాకు కూడా ఉద్దేశించినవి కావడం వల్ల లాకుల సంఖ్య పెరిగింది. రాతిపని ఒకసారి చేస్తే దశాబ్దాలు నిలుస్తుంది. తలుపు అలాంటిది కాదు. అది రోజూ కదులుతుంది, అరుగుతుంది, తుప్పు పడుతుంది.

ఈ కారణం వల్లనే ధవళేశ్వరంలో పబ్లిక్ వర్క్స్ శాఖ వర్క్‌షాపులు ఆనకట్ట పనులకు అనుబంధంగా ఎదిగాయి. కొలిమి, వడ్రంగం, పోత, తరిమెన పనులు ఒకే ఆవరణలోకి వచ్చాయి. గ్రామంలో కుండలి ముందు కూర్చుని నాగలి కర్రు సాగదీసే కమ్మరి పనికి, ఈ వర్క్‌షాపు పనికి ఒక మౌలిక భేదం ఉంది. గ్రామ కమ్మరి తాను చేసిన వస్తువును తానే సరిచూసుకుంటాడు. వర్క్‌షాపులో చేసిన వస్తువు మైళ్ళ దూరంలో ఉన్న మరో వస్తువుతో సరిపోవాలి. ఆ సరిపోవడాన్ని కంటి అంచనా నిర్ణయించలేదు, కొలత నిర్ణయించాలి. మరచుట్టు ఈ కొలత సంస్కృతికి అత్యంత కఠినమైన పరీక్ష.

ఆవిరి యంత్రాలు ఈ అవసరాన్ని మరింత పెంచాయి. ఆనకట్టకు ఎగువన దుమ్ముగూడెం వరకు, ఆపైన మధ్య పరగణాల వరకు నదిని ఓడల మార్గంగా మార్చాలన్న ఎగువ గోదావరి నౌకాయాన పథకం 1871లో ఆగిపోయినా, అది నడిచిన కాలంలో పోలవరం మీదుగా ఆవిరి పడవల మార్గానికి రూపకల్పన జరిగింది. ఆవిరి యంత్రంలో బాయిలరు బిగింపులు, కవాటాలు, పైపు కలయికలు అన్నీ మరచుట్ల మీద నిలిచేవే. 1893–1896 మధ్య బెజవాడ–కటక్ రైలుమార్గం ఏర్పడింది. 56 అంకణాల హేవ్‌లాక్ వంతెన పనులు 1897లో మొదలై 1900లో ముగిశాయి. వీటితో రాజమహేంద్రవరం ప్రాంతంలోకి బ్రిటిష్ ప్రమాణపు ఇనుప సామగ్రి పెద్ద ఎత్తున వచ్చింది. వంతెన దూలాల్లో ప్రధాన బంధం రివెట్లదే అయినా, పట్టాలు, ఇంజన్లు, వ్యాగన్లు, పంపులు మాత్రం విట్‌వర్త్ మరచుట్టును డెల్టాలో సాధారణ వస్తువుగా మార్చాయి.

5. తూము తలుపు: ఎత్తే మర

మరచుట్టుకు రెండు ప్రధాన ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది బిగించడం, నట్టు, బోల్టు దీనికి చెందినవి. వీటి గాడి ‘వి’ ఆకారంలో ఉండి రాపిడిని పెంచుతుంది. రెండోది కదిలించడం, జాకీ, లేతు లీడ్ స్క్రూ, తూము షట్టరు కడ్డీ దీనికి చెందినవి. వీటి గాడి చతురస్రంగా గానీ సమలంబ ఆకారంలో గానీ ఉంటుంది. బరువును మోస్తూ తిరగాలి కాబట్టి ఇక్కడ రాపిడి తక్కువగా ఉండాలి.

కాలువ తూముల మీద స్క్రూ గేరింగు షట్టర్లు విస్తృతంగా వాడుకలోకి రావడానికి కారణం వాటి యాంత్రిక స్వభావంలోనే ఉంది. ఉదాహరణకు సగటున 45 మిల్లీమీటర్ల వ్యాసం గల చతురస్ర మరకడ్డీలో చుట్టుకు 10 మిల్లీమీటర్ల దూరం ఉంటే, గాడి వాలు సుమారు 4 డిగ్రీలు. ఉక్కు కడ్డీకి, కంచు నట్టుకు మధ్య రాపిడి గుణకం 0.12 అనుకుంటే రాపిడి కోణం దాదాపు 7 డిగ్రీలు. వాలు రాపిడి కోణం కన్నా తక్కువ కాబట్టి షట్టరు బరువు ఎంతున్నా అది తనంతట తాను కిందికి జారదు. బ్రేకు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. కాలువ లస్కరు ఒక్కడే చక్రం తిప్పి షట్టరును అంగుళం మేర ఎత్తి అక్కడే నిలపగలడు. వంతులవారీగా నీటిని పంచే డెల్టాకు ఈ గుణం చాలా ముఖ్యం. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో ఏ కాలువకు ఎంత నీరు అన్న నిర్ణయం కాగితం మీద జరుగుతుంది; దాని అమలు ఈ మరచుట్ల మీద జరుగుతుంది.

స్క్రూ గేరింగులో కడ్డీ ఉక్కుది, నట్టు కంచుది కావడం మరొక ముందుచూపు. అరిగేది మెత్తని నట్టు. పొడవాటి కడ్డీ దానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే అరిగిన నట్టు స్థానంలో కొత్తది వేయాలంటే దాని లోపలి మరచుట్టు పాత కడ్డీ మరచుట్టుకు సరిపోవాలి. ఆ కడ్డీ ఎప్పుడు, ఏ కొలతలో తయారైందో అదే కొలతలో కొత్త నట్టును కోయాలి. బజారులో దొరికే నట్టు ఇక్కడ పనికిరాదు. లోపలి మరను, అదీ చతురస్ర మరను, కావలసిన చుట్ల దూరంతో కోయగల లేతు, దాన్ని నడపగల టర్నరు అవసరం. జలనిర్మాణాల చరిత్రలో మరచుట్టు కోత యంత్రానికి అసలు స్థానం నిర్మాణ దశలో కన్నా ఈ మరమ్మతు దశలోనే ఉంది.

6. అంగుళం నుంచి మిల్లీమీటరుకు

భారత ప్రమాణాల సంస్థ 1947 జనవరిలో ఏర్పడింది. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో దేశం మెట్రిక్ పద్ధతికి మారడం మొదలైంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఓ. కూడా 1947లో పుట్టినదే. మరచుట్ల మీద పనిచేసే సంఘం దాని సాంకేతిక సంఘాల్లో మొదటి సంఖ్యను పొందిందంటే, ఈ చిన్న విషయానికి ప్రపంచ పరిశ్రమ ఇచ్చిన ప్రాధాన్యం అర్థమవుతుంది. 60 డిగ్రీల కోణం గల ఐ.ఎస్.ఓ. మెట్రిక్ మరచుట్టును భారత ప్రమాణం ఐ.ఎస్. 4218 స్వీకరించింది.

పాత ఆనకట్ట స్థానంలో 1970లలో నిర్మాణం సాగి 1982లో పూర్తయిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ ఈ మార్పు తరువాతి కాలానికి చెందింది. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 తలుపులు దీనికి ఉన్నాయి. కాలువల వెంట ఉన్న పాత కట్టడాలు మాత్రం అంగుళాల యుగానికి చెందినవి. ఒకే వ్యవస్థలో రెండు ప్రమాణాలు పక్కపక్కనే నిలవవలసి వచ్చింది.

ఈ సహవాసం వల్ల వచ్చే చిక్కు ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. అంగుళం విట్‌వర్త్ బోల్టులో చుట్ల మధ్య దూరం 3.175 మిల్లీమీటర్లు; దానికి దగ్గరగా కనిపించే 24 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టులో 3 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా లేదు. పాత నట్టులో కొత్త బోల్టును తిప్పితే మొదటి చుట్లు పట్టినట్టే అనిపిస్తుంది. ఎనిమిది చుట్లు దాటేసరికి తేడా 1.4 మిల్లీమీటర్లకు చేరి, గాడికి గాడి ఎదురు కాక ఇరుక్కుపోతుంది. బలవంతంగా బిగిస్తే మరచుట్టు అంచులు చిట్లుతాయి. బయటి నుంచి చూసేవారికి బోల్టు బిగిసినట్టే ఉంటుంది. బరువు పడినప్పుడు అది మోయలేదు. టర్నరు వద్ద 55 డిగ్రీల పిచ్ గేజీ, 60 డిగ్రీల పిచ్ గేజీ రెండూ ఉండటానికి కారణం ఇదే.

ఈ రెండు ప్రమాణాల మధ్య వంతెన వేసింది కూడా లేతే. అంగుళం 25.4 మిల్లీమీటర్లకు సమానం. 254లో సగమైన 127 ప్రధాన సంఖ్య. దాన్ని చిన్న సంఖ్యలుగా విడగొట్టడం సాధ్యం కాదు. అందువల్ల అంగుళాల లీడ్ స్క్రూ గల పాత లేతు మీద మెట్రిక్ మరను ఖచ్చితంగా కోయాలంటే 127 పళ్ళ చక్రం ఉండాలి. అంగుళానికి 4 చుట్ల లీడ్ స్క్రూ మీద 3 మిల్లీమీటర్ల మరను కోయడానికి 60 పళ్ళ చక్రం 127 పళ్ళ చక్రాన్ని నడిపితే చాలు. అదే చక్రం సాయంతో మెట్రిక్ లేతు మీద అంగుళాల మరను కూడా కోయవచ్చు. దేశం ఒక కొలమానం నుంచి మరో కొలమానానికి మారిన చరిత్ర అంతా వర్క్‌షాపులో ఈ ఒక్క పళ్ళచక్రంలో కనిపిస్తుంది.

మార్పు సంపూర్ణం కాలేదనడానికి పైపులే సాక్ష్యం. నీటి పైపుల మరచుట్లకు వర్తించే భారత ప్రమాణం ఐ.ఎస్. 554 నేటికీ విట్‌వర్త్ 55 డిగ్రీల రూపాన్నే పాటిస్తుంది. అర అంగుళం పైపుకు అంగుళానికి 14 చుట్లు, అంగుళం పైపుకు 11 చుట్లు ఉంటాయి. గోదావరి జిల్లాల్లో చేతిపంపు నుంచి వంటింటి కుళాయి వరకు ఇనుప పైపు ఉన్న ప్రతిచోటా 1841 నాటి ఆలోచన పనిచేస్తూనే ఉంది.

7. యంత్రాల బహుముఖత: ఉత్పత్తి, మరమ్మతు

నేటి తయారీరంగంలో మరచుట్టు కోతకు అనేక మార్గాలు ఉన్నాయి. ట్యాప్‌తో రంధ్రం లోపల, డైతో కడ్డీ పైన మరను కోస్తారు. డై హెడ్ గల యంత్రం కోత ముగియగానే తనంతట తాను తెరుచుకుని కడ్డీని వదులుతుంది కాబట్టి బోల్టులను వేగంగా తయారుచేయవచ్చు. మర మిల్లింగు పెద్ద వ్యాసాలకు అనువైనది. మర రోలింగులో అసలు కోతే ఉండదు. గట్టి అచ్చుల మధ్య కడ్డీని దొర్లించి లోహాన్ని ఒత్తిడితో మరచుట్టుగా మలుస్తారు. లోహపు పోగులు తెగవు కాబట్టి ఇలా చేసిన బోల్టు పదేపదే వచ్చే బరువులను బాగా తట్టుకుంటుంది.

ఈ మార్గాలను రెండు వర్గాలుగా చూడవచ్చు. రోలింగు, డై హెడ్ యంత్రాలు ఒకే కొలతను లక్షల సంఖ్యలో ఇస్తాయి. కొలత మారితే అచ్చు మారాలి. ఒంటి ఉలితో మరకోసే లేతు నెమ్మదిగా, అనేక విడతల్లో పని చేస్తుంది. అయితే కుడి మర, ఎడమ మర, లోపలి మర, వాలు మర, ఒకటికి మించిన మొదళ్ళు గల మర, చతురస్ర మర వేటినైనా అదే యంత్రం కోస్తుంది. మొదటి వర్గం బలం పునరావృత్తి. రెండో వర్గం బలం అనుకూలత. ఉత్పత్తి చరిత్రలు మొదటి వర్గాన్నే పురోగతిగా చెబుతాయి. మరమ్మతు వైపు నుంచి చూస్తే రెండో వర్గం విలువ తగ్గలేదు.

డెల్టాలో ఈ బహుముఖత నదీనిర్మాణాలకే పరిమితం కాలేదు. బియ్యం మిల్లుల ఇరుసులు, చెరకు గానుగల రోలర్లు, నూనె తీసే మరలు, ఆక్వా చెరువుల ఏరేటర్లు వర్క్‌షాపులకు నిత్యం పని కల్పించాయి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు అన్వేషణ మొదలయ్యాక మరో రకం మరచుట్టు ఈ నేలలోకి దిగింది. బావిలోకి దించే కేసింగు పైపులను ఒకదానికొకటి కలిపేది వాలు మరచుట్టు. అమెరికా పెట్రోలియం సంస్థ ప్రమాణంలోని గుండ్రని మరకు అంగుళానికి 8 చుట్లు, వ్యాసంలో అడుగుకు ముప్పావు అంగుళం వాలు ఉంటాయి. ఇక్కడ మరచుట్టు పైపుల వరుస బరువును మోయడంతో పాటు అధిక పీడనంలోని వాయువును కూడా ఆపాలి. బిగించడం, కదిలించడం అనే రెండు ప్రయోజనాలకు పైపుల విషయంలో ‘కారకుండా మూయడం’ అనే మూడోది చేరుతుంది. ఒకే జిల్లాలో కాలువ షట్టరు చతురస్ర మర, ఇంటి కుళాయి పైపు మర, చమురు బావి వాలు మర పక్కపక్కనే ఉండటం ఈ సాంకేతికత విస్తృతిని తెలుపుతుంది.

పెద్ద కాంక్రీటు కట్టడాల్లో ఇనుప కడ్డీలను ఒకదానిపై ఒకటి పరచి కట్టే పాత పద్ధతి స్థానంలో కప్లర్ల వాడకం పెరగడం మరొక పరిణామం. కడ్డీ కొసలకు నిర్మాణ స్థలంలోనే చిన్న త్రెడ్డింగు యంత్రంతో మరకోసి, కప్లరుతో బిగిస్తారు. 2014లో వెలువడిన ఐ.ఎస్. 16172 ఈ కప్లర్లకు ప్రమాణం. వర్క్‌షాపులో ఉండవలసిన యంత్రం నేరుగా కట్టడం దగ్గరకు వచ్చిందనడానికి ఇది ఉదాహరణ.

8. పోలవరం: మర నుంచి నూనెకు

పోలవరం వద్ద ఆనకట్ట ఆలోచన 1940లలో రామపాదసాగర్ పేరుతో రూపుదిద్దుకుంది. 1981లో శంకుస్థాపన జరిగినా, 2004 తరువాత గానీ పనులు ఊపందుకోలేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 2021 జూన్‌లో నదీప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్ళించారు.

స్పిల్‌వేకు 48 రేడియల్ తలుపులు ఉన్నాయి. ఒక్కొక్కటి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు. ఒక్కో తలుపుకు రెండు చొప్పున 96 హైడ్రాలిక్ సిలిండర్లు వీటిని కదిలిస్తాయి. ఈ సిలిండర్లు జర్మనీ నుంచి వచ్చాయి. స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద నమోదైన 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరదతో పోల్చితే ఈ సంఖ్య ఉద్దేశం తెలుస్తుంది.

కాలువ షట్టరులో మనిషి చేయి, మరకడ్డీ చేసిన పనిని ఇక్కడ పీడనంలోని నూనె చేస్తుంది. అంతమాత్రాన మరచుట్టు అదృశ్యం కాలేదు. కంటికి కనిపించే చోటు నుంచి కనిపించని చోటుకు మారింది. హైడ్రాలిక్ వ్యవస్థల్లో సాధారణంగా పిస్టన్‌ను కడ్డీకి, కడ్డీ కొసను తలుపు కొక్కేనికి, సిలిండరు మూతను దేహానికి కలిపేది మరచుట్టే. నూనె పైపుల ప్రతి కలయికా మరచుట్టే. రేడియల్ తలుపు మీద పడిన నీటి ఒత్తిడిని ఇరుసుల ద్వారా స్తంభాలకు చేరవేసే లంగరు అమరికల్లోనూ మరబిగింపులకు పాత్ర ఉంటుంది. పోలవరానికి కొద్ది దిగువన 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల 24 పంపులకూ, వాటి పైపు అంచుల బోల్టులకూ ఇదే వర్తిస్తుంది.

భేదం మరొక చోట ఉంది. స్క్రూ గేరింగు షట్టరు లోపం కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. దగ్గరలోని వర్క్‌షాపులో సరిచేయవచ్చు. హైడ్రాలిక్ సిలిండరు విడిభాగం మిల్లీమీటరులో వందో వంతు ఖచ్చితత్వాన్ని కోరుతుంది. దాని మరమ్మతు తయారీదారు నమూనాలు, విడిభాగాల సరఫరా, ప్రత్యేక శిక్షణ పొందిన సిబ్బంది మీద ఆధారపడుతుంది. సామర్థ్యం పెరిగిన కొద్దీ మరమ్మతు శక్తి స్థానికుల చేతి నుంచి దూరమవుతూ వచ్చింది.

9. తలుపుల భద్రత: ఇటీవలి అనుభవాలు

ఈ దూరం ప్రాముఖ్యాన్ని ఇతర తెలుగు ప్రాంతాల అనుభవాలు తెలియజేస్తాయి. కృష్ణానది మీద పులిచింతల ప్రాజెక్టులో 2021 ఆగస్టు 5న ఒక తలుపు కొట్టుకుపోయింది. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో, మళ్ళీ 2023 డిసెంబరులో తలుపులు దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ తలుపు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ప్రవహిస్తున్న నీటిలోనే తాత్కాలిక ఉక్కు పలకలను దించి వారం రోజుల్లో నీటిని అదుపు చేశారు. ఈ పనికి తలుపుల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వం వహించారు.

ఈ సంఘటనలకు మరచుట్టు లోపమే కారణమని చెప్పడం సరికాదు. ఒక్కోదాని కారణం వేరు. అయితే అన్నింటిలో ఒక సామాన్యాంశం ఉంది. కోట్ల రూపాయల నిర్మాణం నిలవడం ఒక చిన్న కలయిక మీద ఆధారపడింది. ఆ కలయిక విఫలమైనప్పుడు నిల్వ ఉన్న నీటితో పాటు రైతుల పంటకాలం కూడా ప్రమాదంలో పడింది. తుంగభద్ర అనుభవం మరొకటి చెబుతుంది. ఏడు దశాబ్దాల నాటి తలుపు కొలతలకు సరిపడేలా కొత్త ఉక్కు భాగాలను రోజుల వ్యవధిలో తయారుచేయగల కర్మాగారాలు, ఆ పాత అమరికను అర్థం చేసుకున్న ఇంజనీరు అందుబాటులో ఉండటం వల్లనే అది సాధ్యమైంది. పాత కొలతకు కొత్త భాగాన్ని సరిపోల్చే ఈ శక్తి, అరిగిన కంచు నట్టుకు బదులు కొత్తది కోసే టర్నరు శక్తికి విస్తృత రూపం.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం ఆనకట్ట కాలపు యంత్రాలను భద్రపరిచింది. వాటిని స్మారకాలుగా చూడటం సహజమే. వాటితో పాటు భద్రపరచవలసినవి ఇంకా ఉన్నాయి. ఏ తూము ఏ ప్రమాణపు మరచుట్టుతో తయారైంది, దాని చుట్ల దూరం ఎంత, నట్టు ఎప్పుడు మార్చారు అన్న వివరాల పట్టిక ప్రతి జలనిర్మాణానికీ అవసరం. అలాంటి పట్టిక చరిత్ర పరిశోధకునికి ఆధారమవుతుంది, మరమ్మతు ఇంజనీరుకు పనిముట్టవుతుంది. పాత లేతును, దాని మార్పుడు చక్రాలను తుక్కుగా అమ్మివేస్తే పోయేది ఇనుము మాత్రమే కాదు. అంగుళాల యుగపు కట్టడాలను సరిచేసే వీలు కూడా పోతుంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• గోదావరి డెల్టా ఆధునిక జలనిర్మాణ చరిత్ర, ప్రపంచ మరచుట్టు ప్రమాణీకరణ చరిత్ర దాదాపు ఒకే కాలంలో మొదలై సమాంతరంగా సాగాయి.

• స్క్రూ గేరింగు షట్టర్లు విద్యుత్తు, బ్రేకు అవసరం లేకుండా నిలిచే తమ యాంత్రిక గుణం వల్ల డెల్టా నీటి పంపిణీకి అనువైనవయ్యాయి. వాటి ఆయుష్షు పాత మరకు కొత్త నట్టు కోయగల వర్క్‌షాపు మీద ఆధారపడింది.

• 1956 తరువాత మెట్రిక్ పద్ధతి వచ్చినా అంగుళాల మరచుట్లు అంతరించలేదు. పైపుల్లో అవి ప్రమాణంగానే కొనసాగుతున్నాయి. రెండు ప్రమాణాలను కలిపి నడిపించినది మరకోత లేతు.

• భారీ ఉత్పత్తికి రోలింగు, డై హెడ్ యంత్రాలు అనువైనవి కాగా, మరమ్మతుకు లేతు బహుముఖతే ఆధారం. ఈ భేదాన్ని గుర్తించకుండా వేగాన్ని మాత్రమే పురోగతిగా లెక్కించడం అసంపూర్ణ చరిత్ర అవుతుంది.

• పోలవరం తలుపులు మర నుంచి హైడ్రాలిక్ శక్తికి మారడం సామర్థ్యంలో పెద్ద ముందడుగు. దానికి తగిన మరమ్మతు జ్ఞానం, విడిభాగాల తయారీ శక్తి ఈ ప్రాంతంలోనే పెరగకపోతే ఆ సామర్థ్యం పరాధీనంగా మిగులుతుంది.

ధవళేశ్వరం ఆనకట్టతో పాటే వర్క్‌షాపు పుట్టింది. కట్టడాన్ని, దాన్ని నిలబెట్టే మరమ్మతు శక్తిని వేరు చేయకూడదన్న అవగాహన ఆ ఏర్పాటులో కనిపిస్తుంది. పోలవరం కాలంలోనూ ఆ అవగాహన అంతే అవసరం.